హిందీ లెక్చరరా, ఉర్దూ లెక్చరరా? రెండూ చెప్పే ఉద్యోగం ఉంటుందా? (నాందేడ్ సరిహద్దు నుంచి)

విభాగం: చదువు, ఉద్యోగం

బాసర_అవతలి_గట్టు (ధర్మాబాద్)

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ. నాందేడ్‌లోని స్వామి రామానంద్ తీర్థ్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం కింద ఎం.ఏ. హిందీ పూర్తి చేశాను. మా తాతగారు నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. ఆయన పక్కన కూర్చుని ఉర్దూ చదవడం నేర్చుకున్నాను, రాత మాత్రం ఇంకా చిన్నపిల్లల రాతే.

విశ్వవిద్యాలయంలోనో డిగ్రీ కళాశాలలోనో హిందీ, ఉర్దూ రెండూ చెప్పే లెక్చరర్ కావాలని ఉంది. ఉర్దూలో ఇంకో ఎం.ఏ. చేయమంటారా? నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష) ఏ సబ్జెక్టులో రాయాలి? మహారాష్ట్రలో ప్రయత్నించాలా, సరిహద్దు అవతల తెలంగాణలోనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇందూరు_పంతులు (నిజామాబాద్)

ముందే చెబుతున్నాను, నిరుత్సాహపరచాలని కాదు. మన దేశంలో ‘హిందీ మరియు ఉర్దూ లెక్చరర్’ అనే పోస్టుకు ప్రకటన నేనెప్పుడూ చూడలేదు. ప్రకటన సబ్జెక్టు వారీగా వస్తుంది, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) సబ్జెక్టు వారీగా నడుస్తుంది, అర్హత కూడా అదే సబ్జెక్టులో అడుగుతారు. హిందీలో నెట్ ఉన్నవాడికి ఉర్దూ ఎంత బాగా వచ్చినా ఉర్దూ ఇంటర్వ్యూకి పిలుపు రాదు.

ఇక తెలంగాణ సంగతి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. మీరు ధర్మాబాద్‌లో చదివారు కాబట్టి, ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా, బాసర సరస్వతి గుడికి ప్రతి వసంత పంచమికీ నడిచి వచ్చినా, ఇక్కడ స్థానికేతరులే. మిగిలిన 5 శాతంలో పోటీ పడాలి. 2022లో జూనియర్ లెక్చరర్లకు 1,392 పోస్టులతో ప్రకటన వచ్చింది. దానికి నెట్ కూడా అక్కర్లేదు, పీజీ చాలు. కానీ భాషలన్నీ, సైన్సులన్నీ, జోన్లన్నీ కలిపి ఆ సంఖ్య. అందులో మీ వాటా ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఇంకో మాట. సెట్ అంటే నెట్ లాంటిదే, రాష్ట్ర స్థాయి పరీక్ష, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. పుణె విశ్వవిద్యాలయం నిర్వహించే సెట్ రాసి ఇటువైపు రాలేరు, ఉస్మానియా నిర్వహించే సెట్ రాసి అటు పోలేరు. సరిహద్దులో ఉన్నవాడికి నెట్ ఒక్కటే దారి.

ఎర్ర_మిర్చి (ధర్మాబాద్)

మా ఊరివాడే కదా అని చనువుగా అంటున్నాను. తమ్ముడూ, ఇక్కడి మిర్చి మార్కెట్‌లో పద్దులు రాసే కుర్రవాడికి నెలాఖరుకు జీతం చేతికి వస్తుంది. ఎం.ఏ. మీద ఎం.ఏ. చేసిన మా బావమరిదికి అదీ లేదు. ఒక భాషతో తిండి దొరకనివాడు రెండో భాష నేర్చుకుంటే రెట్టింపు ఆకలి తప్ప ఏముంది?

దెగ్లూర్_తాసికా (దెగ్లూర్)

ఎర్ర మిర్చి గారి మాట ఘాటుగా ఉన్నా అబద్ధం కాదు. నేను ఇటువైపు ఒక డిగ్రీ కళాశాలలో హిందీ చెబుతున్నాను, ‘తాసికా తత్త్వం’ మీద. తెలంగాణవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. తాసిక అంటే ఇక్కడ ఒక గంట పాఠం. చెప్పిన గంటలకే డబ్బు. దీపావళి సెలవులకు లేదు, వేసవికి లేదు, పరీక్షల రోజులకు లేదు. విద్యా సంవత్సరం మొదట్లో మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ నియామకం. బిల్లు పైకి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఆ సంవత్సరం అయిపోతుంది. తరగతిలో పిల్లలు మాత్రం తేడా చూడరు, శాశ్వత ఉద్యోగినీ నన్నూ ఒకేలా ‘సర్’ అంటారు. దెగ్లూర్‌లో పెళ్లి సంబంధాలు చూసేవాళ్లే తేడా చూస్తారు.

శాశ్వత ఉద్యోగం వస్తే లెక్క పూర్తిగా మారుతుంది. ఏడో వేతన సంఘం ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 నుంచి మొదలు. వారానికి 16 గంటల బోధన. ఆ అంకె కోసమే ఇంతమంది ఏళ్ల తరబడి గంటల లెక్కన నెట్టుకొస్తున్నారు.

పీహెచ్‌డీ తప్పనిసరా అని ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. 2018 యూజీసీ నిబంధనల్లో విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు తప్పనిసరి అన్నారు, వాయిదా వేశారు, 2023లో నెట్, సెట్, స్లెట్‌లలో (స్లెట్ కూడా రాష్ట్ర స్థాయి పరీక్షే) ఏదో ఒకటి ఉంటే చాలని తేల్చారు. కాగితం మీద చాలు. ఇంటర్వ్యూలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు పక్క కుర్చీలో ఉంటారు.

రాజభాష_కుర్చీ (నాందేడ్)

బోధన ఒక్కటే ఎందుకు చూస్తున్నారు? నేను ఎం.ఏ. హిందీ చేసి బ్యాంకులో రాజభాషా అధికారిగా, అంటే ఆఫీసు పనిలో హిందీ వాడకం చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. డిగ్రీలో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండాలి, అది చూసుకోండి. 1976 రాజభాషా నియమాల్లో మహారాష్ట్ర ‘ఖ’ ప్రాంతం, తెలంగాణ ‘గ’ ప్రాంతం. అంటే ధర్మాబాద్ శాఖకు హిందీ ఉత్తరాల లక్ష్యం ఒకటి, సరిహద్దు దాటగానే బాసర శాఖకు ఇంకొకటి. రెండు ఊళ్ల ఖాతాదారులూ కౌంటర్ దగ్గర మాట్లాడేది తెలుగులోనే. ఈ విచిత్రం చూసి నవ్వుకోవడానికి కూడా జీతం ఇస్తారు.

సెప్టెంబర్ 14 హిందీ దినోత్సవం చుట్టూ ఉండే పదిహేను రోజులు తప్ప మిగతా ఏడాది ప్రశాంతం.

బాసర_అవతలి_గట్టు

రాజభాష గారూ, ధన్యవాదాలు. కానీ నాకు తరగతి గదే కావాలి. రెండు భాషలూ నిజంగా చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

విశ్రాంత_అధ్యాపకుడు (కిన్వట్)

ఉన్నాను నాయనా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కిన్వట్ వైపు ఒక అనుదానిత (ప్రభుత్వ గ్రాంటుతో నడిచే) కళాశాలలో హిందీ అధ్యాపకుడిగా చేరి అక్కడే పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉండగా ఉర్దూ ఎం.ఏ. ప్రైవేటుగా రాశాను, ఆసక్తి కొద్దీ. ఉర్దూ చెప్పే ఆయన విరమణ చేశాక ఆ పోస్టు నిండలేదు. పిల్లలు మాత్రం ఉన్నారు, పుస్తకాలు కొనుక్కుని కూర్చున్నారు. ‘మీకు వచ్చు కదా’ అన్నారు ప్రిన్సిపాల్ గారు. అలా మొదలై చివరి దాకా సాగింది. నా సేవా పుస్తకం తిరగేస్తే మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు నేను హిందీ అధ్యాపకుడినే. ఉర్దూ తరగతుల ఊసు ఎక్కడా లేదు. ఇందూరు పంతులు గారు చెప్పింది అక్షరాలా నిజం. పోస్టు ఒక భాషకే ఇస్తారు. రెండోది మనం చెబితే చెప్పినట్టు.

ఇక పాఠం సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడలేదు, అందరూ జీతం దగ్గరే ఆగిపోయారు.

హిందీ మొదటి సంవత్సరంలో నా ముందు మరాఠీ పిల్లలు, మన తెలుగు పిల్లలు, లంబాడీ పిల్లలు, గోండు పిల్లలు. ‘నేను రొట్టె తిన్నాను’ అని హిందీలో చెప్పమంటే మరాఠీ పిల్లవాడు తడుముకోకుండా ‘మైనే రోటీ ఖాయీ’ అంటాడు. వాడి ఇంట్లోనూ ‘మీ పోళీ ఖాల్లీ’ అనే అంటారు, క్రియ రొట్టెను బట్టే మారుతుంది. మన తెలుగు పిల్లవాడు ‘మై రోటీ ఖాయా’ అంటాడు. తెలుగు క్రియకు తిన్నవాడితోనే పని, తిన్న వస్తువుతో పని లేదు. పైగా రొట్టె ఆడది, అన్నం మగది అని చెబితే వాడికి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదే. దిద్దబోతే ‘మా వీధిలో అందరూ ఇలాగే అంటారు సార్’ అని ఎదురు చెబుతాడు. అదీ నిజమే, వీధిలో నడిచేది దక్కనీ, దక్కనీలో ‘మైనే’లోని ఆ ‘నే’ దాదాపు వినిపించదు.

హైదరాబాద్‌లో అచ్చయిన వ్యాకరణ పుస్తకాలు దీన్ని సూత్రంగా చెప్పి వదిలేస్తాయి. నేను సూత్రం పక్కన పెట్టి మరాఠీ వాక్యాన్ని బోర్డు మీద రాసేవాడిని. సరిహద్దు తెలుగు పిల్లలకు మరాఠీ అప్పటికే చెవిన పడి ఉంటుంది. కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఈ సదుపాయం లేదు. అంకెలకు మాత్రం ఏ ఉపాయమూ పనిచేయలేదు. 69 ఉన్‌హత్తర్, 79 ఉన్నాసీ, 89 నవాసీ అని బట్టీ పట్టాల్సిందే. ఎం.ఏ. అయ్యాక కూడా చాలామంది అక్కడ ఇంగ్లీషు అంకెలోకి జారుకుంటారు, గమనించండి.

ఉర్దూ తరగతిలో కష్టం ఇంకోచోట. ఉర్దూ మాధ్యమం నుంచి రాని పిల్లలకు మాట వచ్చు, అక్షరమే రాదు. ఒకే చిన్న పంటి గీత ఉంటుంది. కింద ఒక చుక్క పెడితే బే, మూడు పెడితే పే, రెండు పెడితే యే, పైన రెండయితే తే, ఒకటయితే నూన్. నోటికి ఒకటే అయిన ‘జ’ శబ్దానికి జాల్, జే, జాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు. ఏ మాటకు ఏది రాయాలో చెవి చెప్పదు, కన్ను గుర్తు పెట్టుకోవాలి. అలిఫ్, దాల్, రే, వావ్ తర్వాతి అక్షరంతో కలవవు. ఈ ఒక్క విషయం మొదటి వారంలో గట్టిగా పట్టిస్తే సగం తప్పులు పుట్టకముందే పోతాయి.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి)

మా వైపు సంగతి కూడా చెబుతాను. సిరొంచలో తెలుగువాళ్లమే ఎక్కువ, నది దాటితే కాళేశ్వరం. తరగతిలో తెలుగు, మరాఠీ, గోండి, మాడియా పిల్లలు కూర్చుంటారు. వాళ్లందరికీ ఉమ్మడిగా అర్థమయ్యేది సినిమా హిందీ ఒక్కటే. నేను బడిలో హిందీ చెబుతాను. ‘ఖ’ను ‘క’గా, ‘భ’ను ‘బ’గా పలకడం మీద ఉన్న ధ్యాస మా అధికారులకు పిల్లవాడు వాక్యం చెప్పాడా లేదా అన్నదాని మీద ఉండదు.

మొన్న 2025లో మహారాష్ట్రలో ఒకటో తరగతి నుంచి హిందీ మూడో భాష అని ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చి, గొడవ అయ్యాక జూన్ చివర్లో వెనక్కి తీసుకున్నారు కదా. ఆ రెండు నెలల్లో మమ్మల్ని ఒకసారి హీరోలను చేశారు, ఒకసారి దొంగలను చేశారు. మేం మాత్రం ఆ పాఠమే చెబుతూ ఉన్నాం.

ఎర్ర_మిర్చి

ఆ ఉత్తర్వు వెనక ఉన్నవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. అసలు ఈ

[ఈ సందేశంలో కొంత భాగాన్ని నిర్వాహకుడు తొలగించారు.]

నిర్వాహకుడు

పార్టీల మాట వద్దు. దానికి వేరే విభాగం ఉంది, అక్కడ కూడా మర్యాదగానే.

బోధన్_మొహల్లా (బోధన్)

అధ్యాపకుడు గారికి ఆదాబ్. మీరు రాసింది ఇష్టంగా చదివాను సర్. ఒక్కచోట మాత్రం నాకు అభ్యంతరం ఉంది, పెద్దవారు ఏమీ అనుకోకండి. ‘మాట వచ్చు, అక్షరమే రాదు’ అన్నారు. హిందీవాళ్లు ఎప్పుడూ ఇలాగే అంటారు, లిపి నేర్చుకుంటే ఉర్దూ వచ్చేసినట్టే అన్నట్టు. నేను ఉర్దూ ఎం.ఏ. చేసి ఉర్దూ మాధ్యమం బడిలో చెబుతున్నాను, మా ఇంట్లో తెలుగూ ఉర్దూ రెండూ నడుస్తాయి. బజారు మాట ఒక్కటే, ఒప్పుకుంటాను. సాహిత్యం తలుపు తెరవగానే దారులు చీలిపోతాయి.

హిందీ సాహిత్య చరిత్ర ఆదికాలం, భక్తికాలం, రీతికాలం, ఆధునిక కాలం అని నడుస్తుంది. మాది దక్కన్‌తో మొదలై ఢిల్లీ, లక్నో సంప్రదాయాల మీదుగా వెళ్తుంది. హిందీ ఛందస్సులో ఎక్కువగా మాత్రలు లెక్కపెడతారు, ఉర్దూలో అరూజ్ (ఛందశ్శాస్త్రం) నేర్వాలి, బహర్ (పద్యం నడక) పట్టుకోవాలి. గజల్‌లో రదీఫ్ (పాదం చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట) ఎక్కడ, కాఫియా (దాని ముందు వచ్చే ప్రాస) ఎక్కడ అని బోర్డు మీద గీత గీసి చూపించగలగాలి. ‘దిల్-ఎ-నాదాన్’లో రెండు మాటలను కలిపే ‘ఎ’ లాంటి ఇజాఫత్‌ను రాతలో చాలాసార్లు చూపించనే చూపించరు, చదివేవాడే వేసుకోవాలి. బహర్ తెలిస్తేనే అక్కడ ఇజాఫత్ ఉందో లేదో తెలుస్తుంది. ఇవన్నీ ‘మీకు వచ్చు కదా’ అనే మాటతో వచ్చేవి కావు.

ఇంకొక బాధ కూడా చెబుతాను. హిందీ సార్ ఖాళీ గంటలో ఉర్దూ చెప్పేస్తే పాఠం సాగుతుంది, నిజమే. పాఠం సాగుతోంది కదా అని ఆ పోస్టును ఎప్పటికీ నింపరు. నాలాంటి ఉర్దూ ఎం.ఏ.లు బడుల్లోనే మిగిలిపోతారు.

విశ్రాంత_అధ్యాపకుడు

మేడం, ఆఖరి మాట సూటిగా తగిలింది. నా దగ్గర జవాబు లేదని అనను, ఒకటి ఉంది. ఆ సంవత్సరం నేను చెప్పకపోతే ఉర్దూ ఐచ్ఛికాన్నే తీసేసేవారు. పిల్లల సంఖ్య సున్నా అయితే పోస్టు కాగితం మీద కూడా ఉండదు. తరగతి బతికి ఉంది కాబట్టే తర్వాత అడగడానికి ఒక పోస్టు మిగిలింది. ఇది సర్దుబాటే, న్యాయం అని నేననను.

అరూజ్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఎం.ఏ. రాసేటప్పుడు నన్ను ఏడిపించిన పేపరు అదే. అయితే దారులు చీలిపోతాయి అన్నారే, ఒకచోట మాత్రం చీలవు, అది మన నేల మీదే. వజ్‌హీ 1635లో గోల్కొండలో రాసిన ‘సబ్‌రస్’ వచనాన్ని హిందీ శాఖవాళ్లు నాగరిలో అచ్చు వేసుకుని దక్ఖినీ హిందీ అంటారు. ఉర్దూ శాఖవాళ్లు ఉర్దూ లిపి నస్తాలీఖ్‌లో చదివి ఉర్దూ తొలి వచనాల్లో ఒకటి అంటారు. నేను ఉదయం ఒక గదిలో ఒక పేరుతో, మధ్యాహ్నం ఇంకో గదిలో ఇంకో పేరుతో ఒకే పేజీ చెప్పాను. రెండు గదుల్లోనూ తెలుగు పిల్లలకే అది ముందు అర్థమయ్యేది.

మా నాందేడ్‌నే తీసుకోండి. పక్కనే హింగోలి జిల్లాలో నర్సీ, నామదేవుడి ఊరని చెప్పుకునే చోటు. మరాఠీ అభంగాలు రాసిన ఆ సంతు హిందీ పదాలు కూడా రాశాడు. ఆయన పదాలు 61 గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారాలో అవి వినిపిస్తాయి. భక్తికాలం పాఠం చెప్పేటప్పుడు నేను కాశీ, మథురల కంటే ముందు ఇక్కడి నుంచే మొదలుపెట్టేవాడిని.

ఆధునిక కాలానికి వస్తే ప్రేమ్‌చంద్ ఉన్నాడు. నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలో మొదలుపెట్టాడు. 1908 నాటి ఆయన ఉర్దూ కథల సంపుటిని సర్కారు జప్తు చేసిన తర్వాతే ప్రేమ్‌చంద్ అయ్యాడు, తర్వాత హిందీకి వచ్చాడు. ఆయన్ను ఏ శాఖకు రాసిస్తారు?

ఇందూరు_పంతులు

అధ్యాపకుడు గారి సాహిత్యం అమోఘం. కానీ ప్రశ్న అడిగిన అబ్బాయికి ప్రేమ్‌చంద్ జీతం ఇవ్వడు. ఇక్కడ ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని పిల్లలు సంస్కృతం వైపు ఎలా పరుగెత్తుతున్నారో మీకు తెలుసు. తెలుగుకే దిక్కు లేదు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. బోర్డుల మీద కనిపిస్తోంది, కళాశాలల్లో పోస్టుల రూపంలో అంతగా కనిపించడం లేదు.

రాజభాష_కుర్చీ

ఒక సంగతి కలుపుతాను. హిందీ, ఉర్దూ కలిపి ఒకే ఉద్యోగంగా ఉండే చోట్లు లేకపోలేదు, మన దేశంలో కాదు. అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో దక్షిణాసియా శాఖల్లో హిందీ–ఉర్దూ అని కలిపే చెబుతారు. మొదటి సంవత్సరం రెండు లిపులూ నేర్పుతారు. మన దగ్గర నుంచి అలాంటి తరగతుల్లో సహాయకులుగా వెళ్లడానికి ఫుల్‌బ్రైట్ పథకం ఒకటి ఉంది, భాషా బోధన సహాయకుల పేరుతో, తొమ్మిది నెలలు. వయసు 29 దాటకూడదు. హిందీ, ఉర్దూ రెండూ ఆ జాబితాలో చూశాను. ఆ ఏడాది ప్రకటన చదువుకుని దరఖాస్తు చేయండి. ధర్మాబాద్‌లో కూర్చుని మరాఠీ, తెలుగు, హిందీ, ఉర్దూ నాలుగూ వచ్చినవాడు వాళ్లకు రోజూ దొరకడు.

దెగ్లూర్_తాసికా

ఇది నాకు తెలియదు. నా వయసు దాటిపోయింది లెండి.

బాసర_అవతలి_గట్టు

చాలా ధన్యవాదాలు అందరికీ. నాకు 26. అయితే ఇలా అనుకుంటున్నాను: నెట్ హిందీలో రాస్తాను, ఉర్దూ ఎం.ఏ. దూరవిద్యలో చేస్తాను. ఉర్దూలో కూడా నెట్ రాయాలా? బోధన్ మేడం, ఇంటి దగ్గర నేర్చుకున్న ఉర్దూతో ఎం.ఏ.లో చేరనిస్తారా?

బోధన్_మొహల్లా

హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో పెట్టినప్పటి నుంచీ దూరవిద్య నడుపుతోంది. చేరడానికి ఏదో ఒక స్థాయిలో ఉర్దూ చదివినట్టు రుజువు అడుగుతారు, తాతగారు నేర్పారు అంటే కుదరదు. అందుకని ముందు ఒక గుర్తింపు ఉన్న పరీక్ష పాసవ్వండి. ఢిల్లీలోని జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఒక సంవత్సరం డిప్లొమా పోస్టు ద్వారా నేర్పుతుంది. హైదరాబాద్‌లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది, 1931లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు స్థాపించారు, వాళ్లకూ పరీక్షలు ఉన్నాయి. ఏ ధ్రువపత్రం ఏ ఎం.ఏ.కు చెల్లుతుందో ప్రవేశ ప్రకటనలో చూసుకుని మరీ డబ్బు కట్టండి.

రాత బాగుపడాలంటే బాల్ పెన్ను పక్కన పెట్టండి. వెదురు కలం మొన ఏటవాలుగా కోసి, పలక మీదో నున్నటి కాగితం మీదో రోజూ ఒకే అక్షరం రాయండి. ‘బే’ పడవ అడుగు ఎంత పొడుగు ఉండాలో మొన వెడల్పుతో చుక్కలు పెట్టి కొలుస్తారు. అది చేతికి వచ్చాక బాల్ పెన్నుతో రాసినా అందంగానే వస్తుంది.

విశ్రాంత_అధ్యాపకుడు

నెట్ రెండింటిలోనూ రాయి నాయనా, ఒకటి తర్వాత ఒకటి. మొదటి పేపరు రెండింటికీ ఒకటే కాబట్టి ఆ సిద్ధపాటు వృథా కాదు. 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో పేపరు 100 ప్రశ్నలు, 200 మార్కులు, రుణాత్మక మార్కులు లేవు. ముందు హిందీ, ఎందుకంటే హిందీ పోస్టులు ఎక్కువ ఊళ్లలో ఉంటాయి. ఉర్దూ పోస్టులు తక్కువ, దరఖాస్తు చేసేవాళ్లు కూడా తక్కువ. ఏ తలుపు ముందు తెరుచుకుంటే ఆ భాషకు లెక్చరర్‌వి అవుతావు. రెండోది చెప్పాలా వద్దా అన్నది అప్పుడు నీ ఇష్టం, మేడం చెప్పిన మాట మనసులో పెట్టుకుని. నిన్ను అడిగితే ఊరికే చెప్పకు. గంటల లెక్క రాతలో పెట్టించుకో. అదనపు కార్యభారం అని ఉత్తర్వు ఇస్తేనే తరగతికి వెళ్లు. రేపు ఆ ఉత్తర్వు చూపించే ఉర్దూకు ఇన్ని గంటలు ఉన్నాయి, పోస్టు నింపండి అని అడగవచ్చు.

మనవాళ్లు ఈ దారిలో లేకపోలేదు. ఆగ్రాలోని కేంద్రీయ హిందీ సంస్థాన్‌కు పునాది వేసినవాడు కృష్ణా జిల్లా మోటూరి సత్యనారాయణ. మన గట్టుకు పక్కనే ఆదిలాబాద్‌లో సామల సదాశివ గారు ఉండేవారు. ఉర్దూ సాహిత్యాన్నీ హిందుస్తానీ సంగీతాన్నీ తెలుగు పాఠకుడికి ఇంటి మనిషిలా పరిచయం చేశారు, 2011లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం ఆయనకు వచ్చింది.

ఇంకో ఆదాయం సంగతి ఎవరూ చెప్పలేదు. మరాఠ్వాడా, తెలంగాణ రెండూ హైదరాబాద్ సంస్థానం కదా. పాత భూముల కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. కోర్టుకు వెళ్లే ప్రతి కుటుంబానికీ వాటిని చదివిపెట్టేవాడు కావాలి. ఉర్దూ అధ్యాపకుడు అనగానే జనం కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చేస్తారు. ఒకసారి ఒక రైతు తెచ్చిన నకలులో చుక్కలు ఒక్కటీ లేవు, గుమాస్తా తొందర రాత. పోశెట్టి అని చదవాలా, బోశెట్టి అని చదవాలా? ఆ ఇంట్లో బోశెట్టి అనేవాడు ఎవరూ లేడు కాబట్టి బతికిపోయాం. పేర్ల దగ్గర తెలుగు రానివాడు తప్పకుండా బోల్తా పడతాడు. ఎల్లవ్వను, మల్లన్నను ఫారసీ చదువుకున్నవాడు చదవలేడు, మనం చదవగలం.

ఎర్ర_మిర్చి

సార్, ఇంతసేపూ వెటకారం చేశాను కానీ ఇప్పుడు నాకే పని పడింది. మా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఒక ఉర్దూ కాగితం ఉంది. పైన ‘1351’ అని ఉందని ఎవరో చదివి చెప్పారు. అది హిజ్రీ సంవత్సరమా?

విశ్రాంత_అధ్యాపకుడు

రెవెన్యూ కాగితమైతే ఫస్లీ (నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరం) అయి ఉంటుంది. దానికి 590 కలపండి, 1941 వస్తుంది. నిజాం సర్కారు ఫస్లీ సంవత్సరం అక్టోబర్‌లో ఆజుర్ నెలతో మొదలయ్యేది కాబట్టి 1941–42 అన్నమాట. తేదీ దగ్గర దై, బహ్మన్, తీర్, మెహర్ లాంటి నెల పేరు ఉంటే ఫస్లీ అని రూఢి చేసుకోవచ్చు. మొహర్రం, సఫర్ లాంటివి ఉంటే అప్పుడు హిజ్రీ.

ఫోటో తీసేటప్పుడు నాలుగు అంచులూ, వెనక వైపూ, ముద్రా పడేలా తీయండి. దయచేసి లామినేషన్ చేయించకండి. దెగ్లూర్‌లో ఒకాయన మొన్న చేయించాడు. ఆ వేడికి మడత దగ్గర సర్వే నంబరు అంటుకుపోయింది.

ఎర్ర_మిర్చి

అయ్యో, నిన్ననే జిరాక్స్ షాపులో ఇచ్చి వచ్చాను. ఇప్పుడే పరుగెడుతున్నాను.

నిర్వాహకుడు

పాత కాగితాలు చదివించుకోవాలనుకునేవారు ‘భూమి రికార్డులు’ విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. పేర్లు, సర్వే నంబర్లు కనిపించే ఫోటోలను ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దు. నెట్, ఎం.ఏ. ప్రశ్నలకు ఈ చర్చ తెరిచే ఉంటుంది.